ముద్ర కాలు

ఆ వీధిలో ఆవిడని అందరూ స్టూలమ్మ అంటారు. స్టూళ్ళు చేసి అమ్ముతుంది కాబట్టి ఆ పేరని కొందరు, కాదు, మనిషి కాస్త భారీ కాబట్టి అసలు పేరు స్థూలమ్మేనని మరికొందరు. ఆవిడకి రెండు సంగతులూ తెలుసు, రెండింటికీ పలుకుతుంది. కొత్త బేరం గుమ్మంలో కనపడగానే ముందు తనే ఒక స్టూలు లాక్కుని ధన్‌మని కూర్చుని, నన్ను మోసింది మిమ్మల్ని మొయ్యదా అని అడుగుతుంది. మోస్తుంది. ఆ మొయ్యడంలో మోసమేమీ లేదు. నలభై మూడేళ్ళ ఆవిడ నిండు బరువు మీద పడ్డా కిర్రుమనని స్టూలు అది. చిక్కల్లా కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళాక వచ్చేది. అక్కడ నేల మీద పెట్టీ పెట్టగానే టక్కు టక్కుమంటూ ఊగడం మొదలుపెట్టేది.

పోనీ చెక్క పచ్చిదా, జిగురు ఆరలేదా అంటే అదీ కాదు. ఎవరైనా విసుగెత్తి స్టూలు చంకన పెట్టుకుని వెనక్కి తెస్తే, వాళ్ళ కళ్ళ ముందే స్టూలమ్మ షెడ్డులో నేల మీద పెట్టి చూపించేవాళ్ళు. అది హెడ్మాస్టరు ఎదుట నిలబడ్డ పిల్లాడిలా నాలుగు కాళ్ళూ ఆనించి నిటారుగా నిలబడేది. తోసినా, కుదిపినా, పైన రసమట్టం పెట్టి చూసినా గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో ఉండేది. తెచ్చినాయన సిగ్గుపడి, మళ్ళీ చంకన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఇంట్లో మళ్ళీ టక్కు టక్కు. పుట్టింట్లో నోట్లో నాలుక లేనట్టుండి, అత్తింట్లో అడుగు పెట్టగానే చిందులు తొక్కే రకం. రెండోసారి ఎవరూ వెనక్కి తెచ్చేవారు కాదు. కాలి కింద కాగితం మడిచి పెట్టుకుని, కనపడ్డ పదిమందికీ చెప్పేవారు.

కాలం కలిసిరాలేదని అందరూ అంటుంటారు. స్టూలమ్మకి కాలంతో పేచీ లేదు, కాళ్ళే కలిసిరాలేదు.

తప్పు ఎవరిదన్న విషయంలో షెడ్డులో మాత్రం ఎప్పుడూ రెండో మాట లేదు. కొన్నవాళ్ళ ఇళ్ళలో నేల వంకర. అంతే. అది తేల్చింది మేస్త్రి. అరవై ఏళ్ళ మనిషి, బడి గుమ్మం తొక్కలేదు గాని, నలభై ఏళ్ళుగా చిత్రిక ఆయన చేతిలో ఉంది, ఆయన చిత్రిక చేతిలో ఉన్నారు. స్టూలు బిగించి, జిగురు ఆరాక, ఒక కాలి మీద ఎర్రగా కాల్చిన ఇనుప అచ్చు ఒత్తుతారు. వేలి గోరంత స్టూలు బొమ్మ, అదే వాళ్ళ ముద్ర. ఆ తర్వాత దాన్ని షట్టరు దగ్గరికి తెచ్చి, నేల మీద తెల్ల రంగుతో ఆయనే వేసుకున్న నాలుగు చుక్కల మీద నాలుగు కాళ్ళు పెడతారు. ముద్ర కాలు ఎప్పుడూ వెలుతురు వైపు, షట్టరుకి దగ్గరి చుక్క మీద. ముద్ర స్టూలుకి మొహం లాంటిది, మొహం వెలుతురు చూడాలని ఆయన పట్టింపు. షెడ్డు మొత్తంలో ఆ చోటంత నున్నగా ఇంకెక్కడా ఉండదు. అక్కడ పెట్టి, ఏ కాలు ఎక్కువుంటే దాన్ని ఆకురాయితో రాసి, మట్టం కుదిరాకే పక్కన పెట్టేవారు. రెండేళ్ళ క్రితం ఈ షెడ్డులోకి వచ్చిన రోజు నుంచీ ప్రతి స్టూలూ, వెనక్కి వచ్చినది కూడా, ఆ నాలుగు చుక్కల మీద పరీక్ష పాసైందే.

"మన కాళ్ళు సరిగ్గానే ఉన్నాయమ్మా. లోకమే వంకరగా ఉంది" అనేవారు మేస్త్రి.

ఆవిడ నమ్మేది. నమ్మి, కొన్నవాళ్ళతో అదే చెప్పేది. మీ స్టూలు ఊగుతోందని వచ్చిన మనిషితో మీ ఇల్లు వంకరండీ అంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కరూ ఒంటికాలి మీద లేచేవారు. ఆ ఒంటికాలి మీదైనా నిలబడ్డారు గాని స్టూలు మీద కూర్చోలేదు.

ఇలా బేరాలు పలచబడి, పలచబడి, చివరికి ఒక్కటి మిగిలింది. రెండు వీధుల అవతల కొత్తగా కట్టిన లైబ్రరీలో పిల్లల విభాగానికి నూట ఇరవై స్టూళ్ళు కావాలి. ముందు ఆరు నమూనాలు తెచ్చి చూపించాలి. గురువారం మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీ హాల్లోనే పరీక్ష. అది దక్కితే షెడ్డు ఉంటుంది. దక్కకపోతే నెలాఖరుకి షెడ్డు ఖాళీ, మేస్త్రి ఇంటికి, స్టూలమ్మ పెద్దబావగారి సిమెంటు కొట్టుకి. ఆ కొట్టులో ఆవిడ కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ అప్పుడే తుడిచి పెట్టి ఉంచారు. చెక్కతో బతికినదాన్ని ప్లాస్టిక్ మీద కూర్చోబెట్టడం కన్నా అవమానం ఉందా అని ఆవిడ బాధ. పెద్దబావగారి బాధ వేరు. వ్యాపారం అంటే నాలుగు అక్షరం ముక్కలుండాలమ్మా, నాలుగు చెక్క ముక్కలుంటే చాలదు అని ఎదురుపడ్డప్పుడల్లా అనేవారు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలేది.

అందుకే ఈ ఏడు ప్రైవేటుగా పదో తరగతికి కట్టింది. లైబ్రరీ వాళ్ళ ఫారంలో యజమాని విద్యార్హత అని ఒక గడి ఉంటే, అరగంట కలం కొరికి, 'పదో తరగతి, నడుస్తోంది' అని రాసింది. నడవడం కాదు గాని పాకుతోందనే అనాలి. మిగతావన్నీ ఏదోలా గట్టెక్కినా లెక్కలు మాత్రం గుదిబండలా మిగిలాయి. ఆ పరీక్ష శనివారం. గురువారం స్టూళ్ళ పరీక్ష, శనివారం ఆవిడ పరీక్ష. మధ్యలో ఉన్న శుక్రవారం పరీక్ష ఏమీ పెట్టనందుకు ఆవిడ దాన్ని ఎంతో మంచి రోజనుకుంది.

ఇక చదువంటే ఆ ఇంట్లో ఉన్నదంతా తమ్ముడి దగ్గరే ఉంది. ఎంబీయే చదివాడు కనుక వీధంతా వాడిని ఎంబీయే అనే పిలుస్తారు. మూడు వ్యాపారాలు పెట్టాడు, మూడింటినీ ముగించాడు. మొదటిది ఫోన్ కవర్లు, రెండోది ఫొటో ఫ్రేములు, మూడోది మొదటి రెండు వ్యాపారాలు ఎలా చెయ్యాలో చెప్పే క్లాసులు. మూడు నెలల క్రితం అక్క షెడ్డులో చేరాడు. అక్క చదును చేసే మనిషి, తమ్ముడు చదువు చేసిన మనిషి, ఇద్దరూ కలిస్తే తిరుగుండదని వాడి లెక్క. వచ్చీ రాగానే నలభై ఫారాలు అచ్చు వేయించి, స్టూళ్ళు కొన్న నలభై ఇళ్ళకీ తిరిగి నింపించుకొచ్చాడు. స్టూలు అందం ఎంత, దృఢత్వం ఎంత, స్థిరత్వం ఎంత, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యండి. అన్నీ కూడి, సగటు తీసి, రంగురంగుల గుండ్రటి బొమ్మలు గీసి గోడకి అంటించాడు. దృఢత్వం నాలుగున్నర. స్థిరత్వం ఒకటిన్నర. అంటే ఏమిట్రా అని అక్క అడిగితే, ఊగుతోందని అర్థమక్కా అన్నాడు. ఆ ముక్క తెలుసుకోవడానికి నలభై గుమ్మాలు ఎక్కావా నాయనా అని అక్క జాలిపడింది.

గురువారం పొద్దున్న ఎనిమిదిన్నరకి షెడ్డులో పరిస్థితి ఇది. ఆరు నమూనా స్టూళ్ళూ నునుపు దేలి షట్టరు దగ్గర వరుసగా నిలబడ్డాయి. మేస్త్రి వాటికి చివరి పూత గుడ్డతో అద్దుతున్నారు. ఎంబీయే, లైబ్రరీ వాళ్ళకి ఇవ్వడానికి తన గుండ్రటి బొమ్మల్లోంచి స్థిరత్వం బొమ్మని కత్తెరతో జాగ్రత్తగా తప్పిస్తున్నాడు. స్టూలమ్మ జిగురు డబ్బాకి లెక్కల పుస్తకం ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది.

"ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒక తలం, ఒకే ఒక తలం పోతుంది."

చదివి ఆగింది. మళ్ళీ చదివింది. తలం అంటే ఏమిటని తమ్ముణ్ణి అడిగింది. చదునుగా ఉన్నదేదైనా తలమే, బల్ల ఉపరితలం లాంటిదని వాడు కత్తెర ఆపకుండా చెప్పాడు. మూడు చుక్కల మీద బల్ల పెడితే ఎప్పుడూ ఆనుతుంది, నాలుగో చుక్క కూడా దానికి ఆనాలని ఎక్కడా రాసి లేదన్నాడు.

తలం ఆవిడ తలకెక్కింది. పుస్తకం మూసి మేస్త్రి వైపు తిరిగి, మూడు కాళ్ళ స్టూలు ఎప్పుడైనా ఊగిందా అని అడిగింది.

"ఊగదమ్మా. పడుతుంది" అన్నారు మేస్త్రి.

పడటం తర్వాత సంగతి. ఊగదు కదా. అంటే మూడు కాళ్ళు ఎప్పుడూ నేలతో రాజీ పడతాయి. పేచీ పెట్టేది నాలుగోది. మరి నాలుగింటిలో ఆ నాలుగోది ఎవరు? ఎవరైనా కావచ్చని తమ్ముడన్నాడు. అందరూ దొంగలే కావచ్చంటే ఇక పోలీసు ఎందుకని అక్క విసుక్కుంది. ఆ విసుగులో వేలికి అంటిన జిగురు తుడుచుకోవడానికి పక్కనే పడున్న ఫారాల కట్టలోంచి ఒక కాగితం లాగింది.

కాగితం అడుగున 'ఇతర అభిప్రాయాలు' అని రెండు గీతలున్నాయి. ఎంబీయే వాటిని లెక్కలోకి తీసుకోలేదు. అభిప్రాయానికి సగటు తియ్యడం కుదరదు మరి. స్టూలమ్మకి సగటు తెలియదు. చదవడం నెమ్మది కనుక కంట పడ్డ ప్రతి అక్షరం చదవడం ఒక్కటే తెలుసు. ఆ రెండు గీతల మీద నీలి సిరాతో ఎవరో రాశారు: మీ బొమ్మ వేసిన కాలు నేలకి ఆనడం లేదు, కింద అట్టముక్క పెట్టాం.

ఇంకో కాగితం లాగింది. ముద్ర కాలు పొట్టి. ఇంకోటి. గుర్తున్న కాలి కింద సీసా మూత పెడితే బాగుంది. ఇంకోటి. మా అత్తగారికి ఎంతో నచ్చింది, కాబట్టి నాకు నచ్చలేదు. అది పక్కన పెట్టింది. ఇంకోటి. చిన్న స్టూలు బొమ్మ ఉన్న కాలు గాల్లో ఉంటోంది.

ఆవిడ చేతుల వేగం పెరిగింది. జిగురు వేళ్ళతోనే నలభై కాగితాలూ తిరగేసింది. ముప్పై ఒక్కరు ఏదో ఒకటి రాశారు. వాళ్ళలో ఇరవై ఏడుగురు ముద్ర కాలన్నారు. ఇద్దరు ముద్రకి ఎదురుమూల కాలన్నారు, ఒకటి లేస్తే రెండోది ఆనుతుందని వివరంగా బొమ్మ కూడా గీశారు. ఒకరు రంగు గురించి. మిగిలినది ఆ కోడలు.

స్టూలమ్మ లేచి నిలబడింది. కూర్చున్న స్టూలు కూడా తృప్తిగా ఊపిరి పీల్చుకుని ఉంటుంది.

"మేస్త్రీ, ఇరవై తొమ్మిది ఇళ్ళు. ఇరవై తొమ్మిది నేలలు. అన్నీ కూడబలుక్కుని మన ముద్ర కిందే గుంట పడ్డాయా?"

మేస్త్రి గుడ్డ కింద పెట్టారు. ఆయన మొహంలో కోపం రావాలా, భయం రావాలా అని రెండూ తోసుకున్నాయి. ప్రతి స్టూలూ తన చేత్తో చూసినదేనని, ఇప్పుడు కూడా చూసుకోవచ్చని అన్నారు. ఒక నమూనా తీసుకుని నాలుగు చుక్కల మీద పెట్టారు, ముద్ర వెలుతురు వైపు. నాలుగు మూలలా అరచేత్తో నొక్కారు. కదిలితే ఒట్టు.

ఆవిడ ఒక్క క్షణం దాన్ని చూసింది. రెండేళ్ళుగా ఎవరికీ తట్టని పని, ఎవరూ చెయ్యాల్సిన అవసరం లేదనుకున్న పని, అప్పుడు తట్టింది.

"పావు వంతు తిప్పండి" అంది.

అలా తిప్పితే ముద్ర గోడ వైపు పోతుందన్నారు మేస్త్రి. పోనివ్వండి అంది. ఆయన అయిష్టంగా, మొహం తిప్పుకున్న మనిషిని తిప్పినట్టు, స్టూలుని పావు వంతు తిప్పి పెట్టారు. నొక్కారు.

టక్.

ఇంకో మూల నొక్కారు. టక్. అది మామూలు టక్కు కాదు. నలభై ఇళ్ళలోనూ ఊగినదానికి రెండింతలు ఊగింది. ఎంబీయే చేతిలో కత్తెర స్థిరత్వం బొమ్మ మధ్యలోంచి వెళ్ళిపోయింది. రెండో స్టూలు తెచ్చి తిప్పారు. టక్. మూడోది, టక్. ఆరింటికి ఆరూ, ముద్ర వెలుతురు వైపు ఉంటే బుద్ధిమంతులు, పావు తిప్పితే పోకిరీలు.

స్టూలమ్మ మోకాళ్ళ మీద కూలబడి, ఇనుప స్కేలు తీసుకుని షట్టరు దగ్గరి చుక్క మీద అంచు కిందికి ఉండేలా అడ్డంగా ఆనించింది. స్కేలు ఆ చుక్క మీద అటూ ఇటూ ఊగింది. చుక్కకి రెండు పక్కలా స్కేలు కింద నుంచి సన్నటి వెలుగు. చెక్క పొట్టంతా ఊది, తడిగుడ్డ పెట్టి తుడిచేసరికి సంగతి బయటపడింది. ఈ షెడ్డు వీళ్ళకి ముందు బట్టలు ఉతికే లాండ్రీ. నీళ్ళు పోయే గొట్టాన్ని మూసేసి, వెళ్ళేటప్పుడు వాళ్ళు సిమెంటు మెత్తి నున్నగా పాలిషు పట్టించి పోయారు. ఆ మెత్తు మిగతా నేల కన్నా గోరు మందం ఎత్తుంది. మేస్త్రి షెడ్డంతా తిరిగి, అన్నిటికన్నా నున్నటి చోటని ఏరి మరీ అక్కడ చుక్క పెట్టారు. నునుపు వేరు, చదును వేరు అని ఎవరికి తట్టింది? ఆ ఎత్తు మీద నిలబడ్డ కాలల్లా ఎక్కువున్నట్టు కనిపించేది, దాన్ని రాసేవారు. అది ఎప్పుడూ ముద్ర కాలే.

మేస్త్రి ఆ నేల మీదే చతికిలబడ్డారు. కాసేపు ఆ చుక్కని వేలితో తడిమారు.

"రెండేళ్ళుగా మంచి కాలు కోశానా అమ్మా" అన్నారు.

"నేనేం చేశాను మరి? ఆ మంచి కాలు కోసిన స్టూలు ఎక్కి కూర్చుని, నలభై మందిని మీ ఇల్లు వంకరన్నాను. ఇద్దరం సమానం. లేవండి, టైము చాలదు."

నిజానికి ఆవిడకి ఆ క్షణంలో సిగ్గూ లేదు, దిగులూ లేదు. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. తప్పు దొరికింది. తప్పుకి మొహం ఉంది, కొలత ఉంది, గోరు మందం ఉంది. లోకమంతా వంకరైతే ఏం చెయ్యగలం, ఏమీ చెయ్యలేం. ఒక్క చుక్క వంకరైతే ఎంతసేపు. టైము పదయింది. ఆరు స్టూళ్ళు, ఒక్కోదానికి ముద్ర కాలితో సమానంగా మిగతా మూడు కాళ్ళు దించాలి, మొత్తం పద్దెనిమిది కాళ్ళు. చేతిలో అయిదు గంటలు. అయితే కొత్త చిక్కు. కాళ్ళు సమానం అయ్యాయో లేదో ఎక్కడ పెట్టి చూడటం? చుక్కల చోటు పోయింది, మిగతా నేల అంతకన్నా గరుకు. పుస్తకంలో తలం ఉంది గాని, ఆ తలం మీద స్టూలు పెట్టలేం.

అప్పుడు ఎంబీయే నోరు తెరిచాడు. ఆ మూడు నెలల్లో వాడు మాట్లాడిన అన్ని మాటల్లోకీ అదే పొట్టి మాట.

"అద్దం" అన్నాడు.

రెండో వ్యాపారంలో, అంటే ఫొటో ఫ్రేముల్లో, వాడు నేర్చుకున్నదీ, మర్చిపోనిదీ అదొక్కటే. మందపాటి అద్దమంత చదునైనది వీధి మొత్తంలో ఇంకోటి ఉండదు. ఫ్రేములన్నీ వంకర తేలి వ్యాపారం మునిగింది గాని, అద్దాల మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. అలా మునిగిన వ్యాపారం ఇన్నాళ్ళకి తేలింది.

పక్క కొట్టు అద్దాలాయనది. అద్దాలు కోసి అమ్ముతాడు. ఆ రోజు ఆయన పొడవాటి బల్ల మీద, కింద నల్ల దుప్పటి పరిచి, ఒక సెలూన్ వాళ్ళ కోసం కోసిన నిలువెత్తు అద్దం పడుకోబెట్టి ఉంది. వేలి మందం ఉంది, వెనక పూత ఇంకా పడలేదు, నల్ల దుప్పటి మీద దాని పైమొహమే నీడ చూపిస్తోంది. స్టూళ్ళు మోసుకుంటూ ముగ్గురూ లోపలికి వచ్చేసరికి ఆయనకి గుండె ఆగినంత పనయింది. మేస్త్రి చేతిలో ఆకురాయి చూశాక ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోవడం మానేసింది. స్టూలమ్మ సంగతంతా ఒక్క గుక్కలో చెప్పింది. తలం, చుక్క, లాండ్రీ, ముద్ర, లైబ్రరీ. ఆయనకి సగం అర్థమైంది, ఆ సగానికే ఉత్సాహం పుట్టి సరేనన్నాడు. ఒకే ఒక్క షరతు.

"అక్కా, స్టూళ్ళు ఎక్కనీ. నువ్వు మాత్రం ఎక్కకు."

మొదటి స్టూలు అద్దం మీద పెట్టారు. అప్పుడు కనపడింది అసలు వింత. ప్రతి కాలి కిందా ఇంకో కాలు, తలకిందులుగా, అరికాలికి అరికాలు ఆనించి. మూడు చోట్ల కాలూ దాని నీడా అంటుకుని ఉన్నాయి. ముద్ర దగ్గర మాత్రం రెంటికీ మధ్య సందు. గోరు మందం సందు అద్దంలో రెండు గోళ్ళ మందం అయింది. కళ్ళజోడు లేనిదే తన చేతివేళ్ళు కూడా లెక్కపెట్టుకోలేని మేస్త్రికి కూడా ఆ సందు స్పష్టంగా కనపడింది. ఆయన వంగి, దాన్ని చూసి, మొదటిసారి నవ్వారు. రెండేళ్ళుగా దొరకని దొంగ నీడతో సహా దొరికాడన్నారు.

ఇక ఆ కొట్లో ఆ తర్వాత నాలుగు గంటలు ఎవరికీ కాలు నిలవలేదు. పొట్టు అద్దం మీద పడకూడదు కాబట్టి మేస్త్రి గుమ్మంలో కూర్చుని రాస్తారు, ఎంబీయే తుడిచి మోసుకొస్తాడు, అద్దాలాయన రెండు చేతులతో పువ్వులా అందుకుని అద్దం మీద దించుతాడు, స్టూలమ్మ చెంప బల్లకి ఆనించి సందులు చూసి చెబుతుంది. ఎడమది ఇంకొంచెం. కాగితమంత. ఇంకా, సగం కాగితం. తిప్పు. పావు తిప్పి మళ్ళీ చూస్తుంది. తిప్పు. మళ్ళీ. నాలుగు దిక్కులా నాలుగు కాళ్ళూ తమ నీడల్ని తొక్కి నిలబడితేనే కిందికి. ఒక కాలు చేసుకున్న పాపానికి మూడు కాళ్ళకి శిక్ష పడుతోందని అద్దాలాయన జాలిపడ్డాడు. మొదటి స్టూలుకి గంట పైన పట్టింది. రెండోదానికి యాభై నిమిషాలు. మూడోదానికి మేస్త్రి చెయ్యి దారిలో పడింది. ఆఖరుది పావుగంటలో అయింది, ఒకే దఫాలో, ఒక్క కాగితం కూడా మిగలకుండా. అద్దం మీద దాన్ని దించినప్పుడు చప్పుడే రాలేదు. ఆ చప్పుడు లేకపోవడం విని నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

రెండుంబావు. కోసిన కాళ్ళ అడుగులకి పూత అద్దడం, చేతులు కడుక్కోవడం, తలలో పొట్టు దులుపుకోవడం అన్నీ ఒకేసారి జరిగాయి. తలా రెండు స్టూళ్ళు, కాళ్ళు పైకెత్తి భుజాన వేసుకుని వీధిలో పడ్డారు. అద్దాలాయన కొట్టుకి తాళం వేసి వెనకే బయల్దేరాడు. ఆయనకి పనేమీ లేదు, ఉండబట్టలేక.

లైబ్రరీ హాలు ఇంకా రంగు వాసన వేస్తోంది. అరలన్నీ ఖాళీ. కింద పెద్దపెద్ద రాతి పలకలు, మొహం కనపడేంత నున్నగా. ఆ నునుపు చూసి స్టూలమ్మకి మునుపటిలా ముచ్చట వెయ్యలేదు, అనుమానం వేసింది. లైబ్రేరియన్ గారు బక్కపల్చటి ఆవిడ, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది. పక్కన ఆ భవనం కట్టించిన ఇంజనీరు గారు. ఊగే స్టూళ్ళ కబురు ఆయన చెవిన కూడా పడినట్టుంది, వీళ్ళని చూడగానే పెదవి చివర చిన్న నవ్వు మొలిచింది.

పరీక్ష ఏమిటంటే, ఒక్కో స్టూలు ఒక్కో చోట పెట్టి, దాని మీద అంచు దాకా నీళ్ళు పోసిన గ్లాసు పెట్టి, స్టూలు మూల మీద చేత్తో నొక్కుతారు. మొదటి స్టూలు. నీళ్ళు కదల్లేదు. రెండోది. లేదు. మూడు, నాలుగు, అయిదు. ఎంబీయే ఊపిరి బిగబట్టి బిగబట్టి ఎర్రగా అయ్యాడు. ఆరోది కిటికీ పక్కన పెట్టారు. లైబ్రేరియన్ గారు నొక్కారు.

టక్. నీళ్ళు రాతి మీద ఒలికాయి.

ఇంజనీరు గారి నవ్వు పెదవి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. అనుకున్నానండీ అన్నారు. ఎంబీయే మొహం తెల్లబోయింది. మేస్త్రి తన రెండు చేతులూ చూసుకున్నారు. మీ నేలే వంకర అనే మాట స్టూలమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. నలభై సార్లు అన్న మాట, దారి బాగా తెలుసు దానికి. మింగేసింది. ప్లాస్టిక్ కుర్చీ ఒకసారి కళ్ళ ముందు తిరిగింది. ఆ వెంటనే, పొద్దుటి చీమలు మళ్ళీ ఒంట్లో పాకాయి.

సుద్దముక్క ఉందా అండీ అని అడిగింది. పిల్లల విభాగం కదా, ఉంది. ఏ కాలు లేస్తోందో చూసి, ఆ కాలి దగ్గర రాతి మీద సున్నా చుట్టింది. అది ముద్ర కాలు కాదని ముందు అందరికీ చూపించింది. తర్వాత స్టూలుని పావు వంతు తిప్పింది. ఇప్పుడు సున్నాలోకి ఇంకో కాలు వచ్చింది. నొక్కింది. టక్. లేచింది ఆ కొత్త కాలు, అదే సున్నాలో. ఇంకో పావు. ఇప్పుడు మూడో కాలు, అదే సున్నా, అదే టక్కు.

"తప్పు స్టూలుదైతే స్టూలుతో పాటు తిరగాలండీ" అంది స్టూలమ్మ. "తిరగలేదు. ఇక్కడే కూర్చుంది."

అని, ఆ స్టూలు తీసి రెండు అడుగుల అవతల పెట్టింది. లైబ్రేరియన్ గారే మళ్ళీ నీళ్ళు పోసి, నొక్కి చూశారు. చుక్క ఒలకలేదు. మొదట పాసైన స్టూలుని తెచ్చి సున్నా మీద పెట్టారు. టక్. ఇంజనీరు గారు సంచిలోంచి తన రసమట్టం తీసి, మోకాలి మీద వంగి, సున్నా మీదుగా రాతికి ఆనించారు. ఆయన వంగినవాడు చాలాసేపు లేవలేదు. లేచాక, పలక ఒక మూల దిగిందని, రాత్రికి రాత్రి దిగి ఉంటుందని, సర్దిస్తానని అన్నారు. చిన్న గొంతుతో ఇంకో మాట అడిగారు. హాల్లో ఇంకో రెండొందల పలకలున్నాయి, ఆ స్టూలు ఒకటి రెండ్రోజులు ఇక్కడ ఉంచుతారా అని.

అద్దాలాయన వెనక నుంచి ఈల వేయబోయి, లైబ్రరీ అని గుర్తొచ్చి ఆపుకున్నాడు. ఎంబీయేకి మాత్రం ఆగలేదు, ఉన్న చోటే రెండు గంతులేశాడు. ఆ ఊపుకి కూడా గ్లాసులో నీళ్ళు కదల్లేదు.

లైబ్రేరియన్ గారు కళ్ళజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని, ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టారు. నూట ఇరవై. స్టూలమ్మ ఆ కాగితం అందుకుని, మేస్త్రి చేతిలో పెట్టింది. ఆయనకి చదవడం రాదు, అయినా చాలాసేపు చూశారు. ఎంబీయే అప్పుడే తర్వాతి పని మొదలుపెట్టాడు. నలభై ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళి, పాత స్టూళ్ళన్నీ తెచ్చి అద్దం ఎక్కించాలట. ఈసారి ఫారంలో అభిప్రాయాల గీతలు రెండు కాదు, పది ఉంటాయట. అద్దాలాయన ఆ మాట విని, సెలూన్ వాళ్ళకి ఇంకో అద్దం కోసుకోవాలని తేల్చుకున్నాడు.

లైబ్రేరియన్ గారు ఈలోగా స్టూలమ్మ నింపిన పాత ఫారం తీసి, ఆర్డరుకి జత చేస్తూ ఒక గడి దగ్గర ఆగారు.

"పదో తరగతి, నడుస్తోంది అని రాశారేమిటమ్మా?"

"ఎల్లుండి లెక్కల పరీక్షండి."

"ఈ హడావుడిలో ఏమైనా చదివారా మరి?"

"ఇవాళ ఒక్క వాక్యం చదివానండి" అంది స్టూలమ్మ, చీర అంచున మిగిలిన పొట్టు దులుపుకుంటూ. "ఆరు గంటలు పట్టింది."